గడపకు అడ్డంగా నా కాళ్ళు

ఒకటో పలుకు

రాసుకో. నా పేరు సూరాడ కాసులమ్మ. ఊరు ఓడలపట్నం, పాత ఓడలను గొలుసులతో కలిపి కట్టి నీళ్ళ మీద నిలిపిన ఊరు. నాలుగో గొలుసు వీధిలో, పాత సరుకుల ఓడ కింది అరుగు మీద నా గది. నాకు అక్షరం రాదు. నేను మాట్లాడితే నువ్వు అచ్చుభాషలోకి దిద్ది రాస్తావని వాడసేవ ఆఫీసు తవిటినాయుడు చెప్పాడు. దిద్దుకో. ఎదుటివాళ్ళ మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే ఉంచు. నేను తిట్టిన తిట్లు కూడా తీసెయ్యకు.

పొద్దున్నే రాత్రి మంచు పట్టడానికి కట్టిన మంచువలలు పిండి, కారిన నీళ్ళు కుండలోకి వంచి, నీ ముందు కూర్చున్నాను. గొలుసు బిగించే వంతు ఈ రోజు నాదే. పోటు మొదలైతే మా ఓడ లేచి పక్క ఓడను గుద్దుతుంది కాబట్టి ఈలోగానే చెప్పవలసింది చెప్పేస్తాను.

పున్నమి నాడు రమ్మని పట్నం సభ నన్ను పిలిచింది. కొట్లాట ముదరకముందే ఆపే పనిని పోలీసుల దగ్గర నుంచి తీసి వాడసేవకు ఇచ్చారు కదా. దాన్ని మా దగ్గరే ఉంచాలా, తిరిగి పోలీసులకే ఇచ్చెయ్యాలా అని ఆ రోజు తేలుస్తారు. ఎందుకంటే మా వీధిలో రత్నం అనే పిల్ల మొగుడి చేతిలో దెబ్బ తింది. అది దెబ్బ తిన్నప్పుడు నేను ఆ ఇంటి గడప మీదే ఉన్నాను.

నా తప్పేమీ లేదు. ముందు అది రాసుకో.

పోలీసుల కాలం ఎలా ఉండేదో సభలో కుర్రవాళ్ళకు తెలియదు. ఇక్కడ ప్రతి ఇంటి ఇనుప గోడలో ఒక చెవి ఉంటుంది. అది మాటలు వినదు, మాటల వేడి వింటుంది. చెయ్యి లేవబోయే ముందు గొంతు ఎలా మారుతుందో, ఊపిరి ఎలా మారుతుందో దానికి తెలుసట. వేడి ముదిరిందంటే పోలీసు తెప్ప మీద నుంచి తూనీగలు లేచేవి. మనిషి ఉండడు, రెక్కలూ వలా మాత్రమే. కిటికీలోంచి దూరి, గొంతు పెద్దదైన మగవాడి మీద వల విసిరి ఎత్తుకుపోయేవి.

మా ముసలాయన పోలయ్య ఓడ ఇంజను గదిలో పని చేసి చేసి చెవుడు తెచ్చుకున్నాడు. చెవిటివాడు మెల్లగా ఎలా మాట్లాడతాడు? ఒకరోజు కూరలో ఉప్పు లేదని అరిచాడు. నేనూ అరిచాను. మాకది రోజూ ఉన్నదే. తూనీగ వచ్చి ఆయన్ని చేపను పట్టుకుపోయినట్టు పట్టుకుపోయింది. తప్పు తెలుసుకుని వాళ్ళే వదిలేశారు. తిరిగొచ్చిన మనిషి మాత్రం ఇంక గొంతెత్తలేదు. ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా పళ్ళెం అంచు మీద వేలితో కొట్టేవాడు. అలా కొడుతూ కొడుతూనే పోయాడు.

ఆ తర్వాత నేను ఖాళీ బిందె వాయిస్తూ సభ మెట్ల మీద కూర్చున్నాను. నా వెనక వీధి వీధంతా కూర్చుంది. ఆ బిందెల మోత భరించలేకే పని మాకిచ్చారని జనం నవ్వుతారు. నవ్వనీ. తూనీగలను కొట్టంలో పెట్టి తాళం వేశారు. మాలాంటి ఆడవాళ్ళకు వీధికొకరికి కడియం తొడిగారు. ఇప్పుడు గోడచెవికి వేడి తగిలితే మా కడియం వేడెక్కి, ఏ ఇల్లో మెల్లగా చెబుతుంది. మేం వెళ్తాం. వల ఉండదు, రెక్కలు ఉండవు. మనిషి వెళ్తుంది.

గొలుసు కిర్రుమంటోంది. వెళ్ళాలి.


రెండో పలుకు

గడప పట్టడం అంటే ఏమిటో సభకు చెప్పాలి. అది నేను మొదలుపెట్టిన పద్ధతి.

కడియాలు తొడిగిన కొత్తలో వాడసేవ ఆఫీసులో మాకు పాఠాలు చెప్పారు. గొంతు తగ్గించి మాట్లాడాలి, ఎదురుగా కాక పక్కన నిలబడాలి, తప్పెవరిదని అడగకూడదు. మంచి పాఠాలే. వాటిని గుర్తు పెట్టుకునే మొదటి ఇంటికి పరిగెత్తాను. ఒకే వల కోసం అన్నదమ్ములిద్దరు ఒకరి రొమ్ములు ఒకరు గుద్దుకుంటున్నారు. నేను ఓడ నిచ్చెన ఎక్కి వెళ్ళేసరికి మోకాళ్ళు పట్టేసి, ఊపిరి అందక, పాఠాలన్నీ ఎగిరిపోయాయి. గడప మీద కూలబడ్డాను.

ఓడ గదులు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. గదికి ఒకటే తలుపు. నీళ్ళు లోపలికి రాకుండా గడప మోకాలెత్తు ఉంటుంది. ఇనుప గడపే, అయినా శుక్రవారం దానికి పసుపు రాస్తాం. నేను ఒక పక్క చట్రానికి వీపు ఆనించి, కాళ్ళు రెండో పక్కకు చాచి కూర్చున్నానంటే తలుపు నిండిపోయింది.

పెద్దవాడు తమ్ముణ్ణి కొట్టడానికి పడవలో ఉన్న కొక్కెం తేవడానికి విసురుగా వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగాడు.

"మామ్మా, కాళ్ళు తియ్యి!"

"తియ్యను. దాటెల్లు."

"పెద్దదానివి. నిన్ను దాటితే నా కళ్ళు పోవా?"

"పోతాయి. దాటు మరి, మగోడివి కదా."

వాడు నా కాళ్ళ వైపు చూశాడు, బయట పడవ వైపు చూశాడు. పళ్ళు కొరికాడు. చివరికి లోపలికి తిరిగి చాప మీద చతికిలబడ్డాడు. నేను కదలలేదు. ఎంతసేపని ఆవేశపడతారు? తమ్ముడికి ఆకలేసింది. గంజి పోసుకున్నాడు. అన్నకూ పోశాడు. నేను గడప మీద నుంచే, "నాకు పొయ్యవేట్రా?" అన్నాను. ముగ్గురం తాగాం.

అదీ పుట్టుక. మోకాళ్ళ నొప్పి కనిపెట్టిన పద్ధతి. తర్వాత నేను వెళ్ళిన ప్రతి ఇంటా గడపే పట్టాను. మిగతా వీధుల కడియం ఆడవాళ్ళు నా దగ్గరకు వచ్చి నేర్చుకున్నారు. వాళ్ళకు నేను ఒకటే నియమం చెప్పాను. "కాళ్ళు తియ్యమంటారు. బతిమాలతారు, తిడతారు. ఎవలడిగినా తియ్యొద్దు."

ఎవలడిగినా. ఆ మాట అలాగే ఉంచు, దిద్దకు.


మూడో పలుకు

రత్నం సంగతి.

అసలు పేరు నూకరత్నం. పుట్టింది మా వీధిలోనే. తల్లి పోయాక నా ఇంట్లోనూ ఆ ఇంట్లోనూ ఈ ఇంట్లోనూ తిని పెరిగింది. లోతు లేని నీళ్ళలో సముద్రపు పాచి కోసే పని చేసేది. చేపకన్నా బాగా ఈదుతుంది. మొగుడు కొండబాబు ఉప్పునీళ్ళు వడగట్టే యంత్రం దగ్గర పని చేస్తాడు. వాణ్ణి చెడ్డవాడని మా వీధిలో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆ మధ్యాహ్నం నేను పై అరుగు మీద నెత్తళ్ళ చేపలు ఎండబెడుతున్నాను. కడియం చురుక్కుమంది. "నూకరత్నం ఇల్లు" అంది. చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తాను.

లోపల కొండబాబు అరుస్తున్నాడు. రత్నానికి లోతుతోటల జట్టులో చోటు దొరికిందట. సముద్రం అడుగున గాజు గంటల్లాంటి ఇళ్ళు కట్టి, అక్కడే నెలల తరబడి ఉండి పాచి పండించే జట్టు. పరీక్షలు నెగ్గింది, మొగుడికి చెప్పలేదు. ఆ రోజే పడవ. సంచి సర్దుతుంటే వాడు చూశాడు.

నేను ఎప్పటిలాగే గడప పట్టాను. కొండబాబు నన్ను చూసి, "సూడు మామ్మా, ఇదేటి సేస్తందో సూడు, నన్నొగ్గీసి ఎల్లిపోతదంట" అని ఏడుపు గొంతు పెట్టాడు. రత్నం సంచి భుజానికి తగిలించుకుని గడప దాకా వచ్చింది. నన్ను చూసి ఆగింది. పెద్దదాన్ని దాటలేదు. వెనక్కి తిరిగింది. తిరగగానే వాడు కొట్టాడు. చెంప మీద కాదు, చెవి మీద. పిల్ల గోడకు తగిలి జారిపోయింది.

నేను లేచి వాడి జుట్టు పట్టుకుని గడప బయటకు ఈడ్చాను. వాడు ఈడ్పించుకున్నాడు. కొట్టిన చెయ్యిని వేరేవాళ్ళ చెయ్యిలా చూసుకుంటూ కూర్చున్నాడు. పోలీసులు వచ్చి తెప్ప మీదకు తీసుకుపోయారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

జరిగింది ఇది. పిల్ల దాటలేదు, అంతే. నేనేం చేస్తాను?

నిన్న సాయంత్రం తవిటినాయుడు వచ్చాడు. కడియాల లెక్కలూ మాకు పాఠాలూ అన్నీ చూసేది అతనే. అతని తమ్ముణ్ణి కూడా ఒకప్పుడు తూనీగ ఎత్తుకుపోయింది. ఎత్తుకుపోతుండగా వల తెగి, ఆ పిల్లవాడు రెండు ఓడల మధ్య పడ్డాడు. ఆ మాట అతను ఎప్పుడూ ఎత్తడు. నేనూ ఎత్తను.

"మామ్మా, సబలో తలుపు బిగుసుకుపోనాదని సెప్పు" అన్నాడు. "తుప్పు. ఓడ తలుపులు బిగుసుకుపోటం అందరెరిగిందే కదా."

"అబద్దం సెప్పమంటన్నావేట్రా?"

"నువ్వు గడప మీద కూకున్నావని తెలిస్తే ఏటంటారో తెల్సా? వాడసేవోళ్ళే ఆడకూతుర్ని లోపలెట్టి కొట్టించీసినారంటారు. రేపే తాళం తీసీసి తూనీగల్ని ఒగ్గెత్తారు. నీకు కావలసిందదేనా?"

"నోరు ముయ్యిరా తవిటిగా. నా ముసిలోడు పళ్ళెం మీద యేలితో కొట్టుకుంటా పోనాడు. తూనీగలేటో నాకు సెప్తన్నావా?"

"అందుకే సెప్తన్నాను మామ్మా."

అతను నా కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, వెళ్తూ వెళ్తూ అన్నాడు. "గోడసెవి మాటలు దాసుకోదు. లోపల ఏటైనాదో మీ ముగ్గురికే తెల్సు. కొండబాబు మాట ఎవలూ నమ్మరు. రత్నంతో నాను మాటాడినాను."


నాలుగో పలుకు

ఆసుపత్రి ఓడకు వెళ్ళాను. నెత్తళ్ళ పులుసు పట్టుకెళ్ళాను. ఆ రోజు ఎండబెట్టిన నెత్తళ్ళే అవి. దారంతా ఆ గిన్నె నాకు బరువుగా ఉంది.

రత్నం మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. పిలిచాను, పలకలేదు. కోపమనుకున్నాను. భుజం తడితే ఉలిక్కిపడి తిరిగింది.

"ఈ పక్కకి రా మామ్మా. ఆ సెవి ఇనపడదు."

మంచం చుట్టూ తిరిగి రెండో పక్కకు వెళ్ళాను. పోలయ్యతో మాట్లాడాలంటే అలాగే తిరిగేదాన్ని.

"డాక్టరమ్మ ఏటంది గుంటా?"

"లోపల పొర సిరిగిపోనాదంట. మానుతాదంట. ఇనపడ్డం కూడా కొంచెం తిరిగొస్తాదంట." పులుసు గిన్నె మూత తీసి వాసన చూసింది. "లోతు నీళ్ళకి మాత్రం ఇంక పనికిరానంట. ఆ బరువుకి మళ్ళీ సిరిగిపోద్దంట."

"పోనీలే. పైన పని లేదేటి? నాను తవిటినాయుడికి సెప్పి..."

"లోతులో ఏటుంటాదో తెల్సా మామ్మా?"

తెలియదన్నాను.

"సప్పుడుండదు. పరీచ్చకి దింపినారు కదా, అప్పుడు సూసినాను. యంత్రాలుండవు, గొలుసులుండవు. ఎవలూ ఎవల్నీ అరవరు, అరిసినా ఇనపడదు. సేతుల్తో మాటాడుకుంటారు. ఇలగ." వేళ్ళు ముడిచి, విప్పి, ఏదో గుర్తు చూపించింది. "ఆకలేస్తందీ అని దీనర్దం."

నేను అన్నం కలిపి ముద్ద పెట్టబోయాను. చేతిలోకి తీసుకుని తనే తింది.

"సబలో నువ్వేటి సెప్తావు?" అంది.

"ఏటి సెప్పమంటావు?"

"తలుపు బిగుసుకుపోనాదని తవిటన్న సెప్పమన్నాడు. నాను అలగే సెప్తాను. తూనీగలొస్తే మన వీదికి మంచిది కాదు. నువ్వు కూడా అలగే సెప్పు." ముద్ద మింగింది. నీళ్ళు తాగింది. ఇంకేమీ అనదనుకుని నేను గిన్నె మూత పెట్టబోతున్నాను.

"కానీ మామ్మా, నాను అడిగినాను కదా?"

నిందించినట్టు అనలేదు. ఇంట్లో ఒక వస్తువు ఎక్కడ పెట్టానో గుర్తుందా అని అడిగినట్టు అంది.

రాసుకో. మొన్న నేను నీకు సగమే చెప్పాను.

రత్నం గడప దాకా వచ్చి ఊరికే ఆగలేదు. అడిగింది. "కాళ్ళు తియ్యి మామ్మా, నానెల్లిపోవాల" అంది. నేను, "కూకో గుంటా, సల్లబడినాక ఎల్దువు గాని" అన్నాను. అది మళ్ళీ అడిగింది. "పడవ ఎల్లిపోతాది మామ్మా."

అప్పుడు నేనేమన్నానో అదీ రాసుకో. "పడవ పోతే పోద్ది. కాపురం పోతే వొస్తాదేటి?" అన్నాను.

కాళ్ళు తియ్యలేదు. ఎవరడిగినా తియ్యకూడదు కదా. కానీ ఆ నియమం ఒక్కటే కారణమని చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది. కొండబాబు ఏడుపు గొంతు విని నాకు జాలి వేసింది. ఈ పిల్ల వెళ్ళిపోతే వీడేమవుతాడు అనుకున్నాను. ఈ పిల్ల ఉండిపోతే ఇదేమవుతుంది అనుకోలేదు. కొక్కెం కోసం పోయేవాణ్ణీ ప్రాణం కోసం పోయేదాన్నీ ఒకే కాళ్ళతో ఆపాను.

అది నన్ను దాటగలదు. సముద్రం అడుగుకు దిగే పిల్ల, మోకాలెత్తు గడప దాటలేదా? నా మీద ఉన్న గౌరవం దాన్ని ఆపింది. ఎత్తుకుని పెంచినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. తలుపుకు గడియ వేసి ఉంటే తీసుకుని వెళ్ళిపోయేది.

పులుసు గిన్నె అక్కడే మరిచిపోయి వచ్చాను.


ఐదో పలుకు

గొలుసు బిగిస్తుండగా పోలీసు ఇన్‌స్పెక్టరు హసీనా వచ్చింది. సభలో పోలీసుల తరఫున కూర్చునేది ఆవిడే. నేను ఆవిణ్ణి చూడగానే, "ఏటి, తూనీగలకి నూనె రాసుకుంటన్నారా?" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. చొక్కా చేతులు మడిచి రెండో కొసన గొలుసు పట్టుకుంది. ఇద్దరం కలిసి బిగించాం. అలవాటున్న చేతులే. ఆవిడ కూడా ఏదో ఓడ వీధిలోనే పుట్టి ఉంటుంది.

"మీ మీద ఫిర్యాదు రాయడానికి రాలేదమ్మా" అంది. "ఒక్క మాట అడగడానికి వచ్చాను. ఆ రోజు ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్ళాలనుకుందో మీకు తెలుసా?"

"పడవకాడికి."

"మీరు అడిగి తెలుసుకున్నారా, ఆమె చెప్పిందా?"

"సెప్పింది." ఆ మాట నా నోటి నుంచి జారిపోయింది.

ఆవిడ గొలుసు వదిలి నా వైపు తిరిగింది. "మా వాళ్ళు ఎప్పుడూ అడగలేదమ్మా. ఎత్తుకొచ్చినవాళ్ళనీ అడగలేదు, ఇంట్లో మిగిలినవాళ్ళనీ అడగలేదు. మీ ముసలాయన్ని తెచ్చిన రోజు తెప్ప మీద డ్యూటీ నాదే. ఆయన నన్ను ఏదో అడుగుతుంటే అరుస్తున్నాడనుకున్నాను."

"ఏటడిగినాడు?"

"ఇంటికెళ్ళే పడవ ఎప్పుడుందని."

ఆవిణ్ణి తిట్టడానికి నా దగ్గర ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న తిట్లున్నాయి. ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఒక్కటీ రాలేదు. తిట్టాలంటే అవే తిట్లు ముందు నాకు తగలాలి. రత్నమూ నన్ను పడవ గురించే కదా అడిగింది.

ఆవిడ చేతులకంటిన తుప్పు తుడుచుకుని వెళ్ళిపోయింది. సభలో నేనేం చెప్పాలో ఒక్క ముక్క అనలేదు.


ఆరో పలుకు

సభ అయింది.

రత్నం ముందు చెప్పింది. చెవికి కట్టుతో నిలబడి, తలుపు బిగుసుకుపోయిందని చెప్పింది. ప్రశ్నలు సరిగా వినపడక ప్రతిసారీ తల తిప్పి మంచి చెవి అటు పెడుతోంది. అది తల తిప్పినప్పుడల్లా నేను కడియం మెలిపెట్టుకుంటూ కూర్చున్నాను. మిగతా వీధుల కడియం ఆడవాళ్ళందరూ వెనక వరసల్లో ఉన్నారు. నేను నేర్పినవాళ్ళే.

నన్ను పిలిచారు. లేస్తుంటే తవిటినాయుడు నా చీర కొంగు పట్టుకున్నాడు. "మామ్మా, తమ్ముడి మీదొట్టు" అన్నాడు నెమ్మదిగా. ఎన్నడూ ఎత్తని మాట ఎత్తాడు. నేను కొంగు విడిపించుకోలేదు. అలాగే నిలబడి చెప్పాను.

"తలుపు బిగుసుకుపోనేదు. ఆ గడప మీద నానున్నాను. ఆ గుంట నన్ను కాళ్ళు తియ్యమని అడిగింది. మళ్ళీ అడిగింది. నాను తియ్యలేదు. అదిప్పుడు అబద్దం సెప్పింది నన్ను కాసుకోటానికి. దానికి శిచ్చ ఎయ్యకండి."

కొంగు వదులైంది. తవిటినాయుడి వైపు నేను చూడలేదు. వెనక వరసల్లో గుసగుస లేచింది. ఒక వీధి ఆవిడ ఏడుస్తోంది. ఆవిడ ఎవరి ఇంటి గడప మీద కూర్చుని ఏం ఆపిందో, దేన్ని లోపల ఉంచేసిందో, ఇప్పుడు గుర్తు చేసుకుంటోందని నాకు తెలిసింది. ఆ నేరంలోనూ నాకు వాటా ఉంది.

సభ పెద్దామె ఇన్‌స్పెక్టరును అడిగింది, పని తిరిగి ఇస్తే తీసుకుంటారా అని. హసీనా లేచింది. "ఇస్తే కాదనలేం. కానీ ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్ళాలనుకుందో మా తూనీగలకు తెలిసే దారి లేదు. ఈమెకు తెలుసు" అంది.

ఆ మాట నన్ను కాయడానికే అంది. నాకు మాత్రం అన్నిటికన్నా అదే లోతుగా దిగింది. తెలిసి కూర్చున్నాను కదా.

పెద్దామె నన్నే అడిగింది. "మరి ఏం చెయ్యమంటావు కాసులమ్మా? గడప పట్టడం మానిపించాలా?"

"కొక్కానికెల్లేవోణ్ణి ఆపాల. ఎల్లిపోతానన్నోళ్ళకి కాళ్ళు తియ్యాల. అది మా ఆడోళ్ళందరికీ నాను సెప్పుకుంటాను. కానీ మాలో ఒకలు మరిసిపోతారు, నాలాగ ఇంకొకలు మొగుడి మీద జాలిపడిపోతారు. అప్పుడా ఆడగుంటలు మమ్మల్ని దాటీసి ఎల్లిపోవాల."

"పెద్దవాళ్ళని దాటమని ఉత్తరువు రాయడం సభకు కుదరదమ్మా. రాసినా ఎవరూ దాటరు."

"రాయక్కర్లేదు. నాను నేర్పుతాను."

అమావాస్య దాకా గడువిచ్చారు. అప్పటిదాకా పని వాడసేవ దగ్గరే ఉంటుంది. అప్పటికి వీధుల్లో ఏం మారిందో చూసి తేలుస్తారు. నా కడియం మాత్రం తీసేశారు. తీసింది తవిటినాయుడే, అది అతని ఉద్యోగం. చెయ్యి ఉబ్బి ఉంది కాబట్టి సబ్బు రాసి తిప్పి తిప్పి తీశాడు. నొప్పి పుడుతోందా అని అడగలేదు. కడియం తువ్వాలులో చుట్టుకుని, ఓడ నిచ్చెన దగ్గర మాత్రం ఆగి, నేను దిగేదాకా చెయ్యి పట్టుకున్నాడు.


ఏడో పలుకు

కడియం ఉన్నచోట చర్మం తెల్లగా, పసిపిల్ల చర్మంలా ఉంది. ఏ ఇల్లు వేడెక్కిందో నాకు ఇప్పుడు తెలియదు. వీధిలో ఎవరు అరిచినా చెయ్యి తడుముకుంటున్నాను.

ఈ పొద్దున మంచువలలు పిండాక, నా గది గడప పక్కన నిలబడి, వీధిలో ఆడపిల్లలందరినీ కేకేశాను. పెళ్ళయినవాళ్ళని, కానివాళ్ళని, పాచి కోతకు పోయేవాళ్ళని. లోపలికి రండన్నాను. నా గదిలో పట్టినంతమంది పట్టారు. అప్పుడు గడప మీద కూర్చుని కాళ్ళు అడ్డంగా చాచాను.

"ఇప్పుడు ఒకలెనక ఒకలు నన్ను దాటెల్లండి" అన్నాను.

నవ్వారు. ఒకర్నొకరు తోసుకున్నారు. "పాపం వొస్తాది మామ్మా" అంది ఒకతి. "మా అత్త సూత్తే నన్ను సంపీద్ది" అంది ఇంకొకతి. "మామ్మకి సబలో మతి పోనాది" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"మతి పోతే పోనాది, మీకన్నం పెట్టేది నాను కాదా? దాటండే, దున్నపోతుల్లారా! దాటినోళ్ళకి నెత్తళ్ళు, దాటనోళ్ళకి సీపురుకట్ట!"

ఒక చిన్నది చీర ఎత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని దూకింది. అవతల పడ్డాక ఆకాశం ఇంకా పైనే ఉందా అన్నట్టు చూసింది. తర్వాత ఇంకొకతి. దాటబోయి ఆగి ఏడ్చినవాళ్ళున్నారు. వాళ్ళను పక్కన నిలబెట్టి, "మళ్ళీ రా" అన్నాను. ప్రతి ఒక్కతినీ అడిగాను, ఎందుకు ఎల్తన్నావు, ఎక్కడికి ఎల్తన్నావు అని. అడగడం నేను నేర్చుకోవాలి కదా. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. అమ్మ ఇంటికన్నారు, పడవకన్నారు, ఊరికేనన్నారు. ఊరికేనన్నా సరే అన్నాను.

అందరూ అయిపోయాక చూస్తే, రత్నం లోపల గోడ దగ్గర నిలబడి ఉంది. గుంపులో ఎప్పుడు వచ్చిందో చూడలేదు. చేతిలో నా పులుసు గిన్నె ఉంది, తోమి తెచ్చింది. చెవికి కట్టు తీసేశారు. సంచి లేదు.

గిన్నె నా పక్కన పెట్టి, గడప ముందుకు వచ్చింది. ఆ రోజు నిలబడ్డట్టే నిలబడింది. కాళ్ళు చటుక్కున ముడుచుకోబోయాను.

"ఉంచు మామ్మా" అంది.

ఉంచాను. ఎక్కడికి వెళ్తున్నావని అందరినీ అడిగిన నోరు దాన్ని అడగలేకపోయింది. అది వెళ్ళాల్సిన చోటు ఇంక లేదు. అది చాలాసేపు నా కాళ్ళనే చూసింది. బయట పిల్లలందరూ నవ్వు ఆపేశారు. చివరికి కుడికాలు ఎత్తింది. దాటుతుంటే దాని పాదం నా మోకాలికి తగిలింది.

అవతల కాలు మోపగానే, అది అలవాటున గిరుక్కున వెనక్కి తిరిగి వంగి, నా మోకాలు తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది.

రాసుకో. దెబ్బ తిన్నది అది. తాకి కళ్ళకద్దుకున్నదీ అదే.

నేను గట్టిగా అరిచాను, మంచి చెవికి వినపడేలా. "దణ్ణాలెందుకే? ఎనక్కి సూడకుండా ఎల్లాల గదే. రా, లోపలికి రా. మళ్ళీ దాటు."

అది లోపలికి రావాలన్నా నా మీదుగానే రావాలి. కాళ్ళు ముడిచి దారి ఇచ్చాను. వచ్చింది. మళ్ళీ చాచాను.

ఈసారి తగలకుండా దాటింది. వంగలేదు. వెనక్కి చూడలేదు. అలా నడుచుకుంటూ వీధి చివర గొలుసు దాకా వెళ్ళిపోయింది. నన్ను క్షమించిందో లేదో అడగలేదు, అది చెప్పలేదు. దాటింది. అది మాత్రం రాసుకో.